ఫిల్మ్ తేటగానే ఉంది, మరి టీజీలు రెండెందుకు?

ప్రశ్న: పాలీస్టైరీన్, పాలీవినైల్ మిథైల్ ఈథర్ బరువులో సగం సగం తీసుకుని టోలుయిన్‌లో కరిగించి ఫిల్మ్ పోశాను. తేటగా వచ్చింది. డీఎస్‌సీలో (వేడిచేస్తూ నమూనా పీల్చుకునే ఉష్ణాన్ని కొలిచే పరికరం) 160 డిగ్రీల దాకా వేడిచేస్తే మొదటిసారి టీజీని, అంటే గాజులా గట్టిగా ఉన్న పాలిమర్ మెత్తబడే ఉష్ణోగ్రతను, చూపే వెడల్పాటి మెట్టు ఒక్కటే కనిపించింది. చల్లార్చి మళ్లీ వేడిచేస్తే రెండు మెట్లు వచ్చాయి. ఏ రన్‌ను నమ్మాలి?
– పరిశోధక విద్యార్థి

జవాబు: రెండూ నిజమే, కాకపోతే రెండో రన్‌లో ఉన్నది మీరు పోసిన బ్లెండ్ (పాలిమర్ల మిశ్రమం) కాదు. ఈ జంట చల్లగా ఉన్నప్పుడు కలిసి ఉంటుంది, వేడెక్కితే విడిపోతుంది. ఆ హద్దు అణుభారాన్నీ నిష్పత్తినీ బట్టి సాధారణంగా 100–150 డిగ్రీల మధ్య ఉంటుంది. మీరు దాన్ని దాటించారు; చల్లారేలోపు పాలిమర్ గొలుసులు మళ్లీ కలవడానికి వ్యవధి దొరకలేదు.

ముందు హద్దు తేల్చుకోండి. ఫిల్మ్ ముక్కను గాజు స్లైడ్ మీద పెట్టి నిమిషానికి 1 లేదా 2 డిగ్రీల చొప్పున వేడిచేయండి. అది పాలలా తెల్లబడేది ఎక్కడో చూడండి. తొందరపడితే హద్దు అసలుకన్నా పైన ఉన్నట్టు కనిపిస్తుంది.

ఆ తర్వాత కొత్త ముక్క, 5–10 మిల్లీగ్రాములు, నైట్రోజన్‌లో పెట్టండి. మొదటి హీటింగ్ 80 డిగ్రీల దగ్గర ఆపండి. పాత ఏజింగ్ (నిల్వలో గొలుసులు నెమ్మదిగా సర్దుకుని బిగుసుకోవడం) చెరిగిపోవడానికి అది చాలు. మైనస్ 80కి చల్లార్చి నిమిషానికి 10 డిగ్రీలతో మళ్లీ వేడిచేసి, ఆ రన్‌లోనే టీజీ చదవండి. మొదటి హీటింగ్‌లో మెట్టు చివర చిన్న శిఖరం కనిపిస్తే అది కరగడం కాదు, ఏజింగ్ గుర్తు.

ఫిల్మ్‌లో టోలుయిన్ మిగిలితే టీజీ కిందికి జారుతుంది. గది ఉష్ణోగ్రతలో నెమ్మదిగా ఆరనిచ్చి, 60–70 డిగ్రీల వాక్యూమ్ ఓవెన్‌లో బరువు స్థిరపడేదాకా ఉంచాలి. వినైల్ ఈథర్ తరచుగా నీటి ద్రావణంగా దొరుకుతుంది. ముందే ఆ నీరు పూర్తిగా పోగొట్టకపోతే అదీ టీజీని తగ్గిస్తుంది. టోలుయిన్ బదులు క్లోరోఫాంలో పోస్తే మాత్రం ఫిల్మ్ మొదటి నుంచే విడిపోయి వస్తుంది.

మెట్టు వెడల్పుగా ఉందని కంగారుపడకండి. ఈ వ్యవహారంలో అసలు ఆసక్తికరమైన సంగతి అదే. విడివిడిగా టీజీలు పాలీస్టైరీన్‌కు దాదాపు 100, ఈథర్‌కు మైనస్ 28. విడి టీజీల నుంచి బ్లెండ్ టీజీని అంచనా వేసే ఫాక్స్ సూత్రంలో కెల్విన్‌లో 373, 245 పెడితే సగం సగానికి 296 కెల్విన్ వస్తుంది, అంటే 23 డిగ్రీలు. కొలత సాధారణంగా ఇంకా తక్కువే చూపిస్తుంది. కానీ ఏ సెగ్మెంటూ (గొలుసులోని చిన్న ముక్క) సగటును చూడదు. ఒకటిన్నర, రెండు నానోమీటర్ల పరిధిలో దాని సొంత గొలుసే సుమారు పావు వంతు చోటు ఆక్రమిస్తుంది. కాబట్టి ఈథర్ సెగ్మెంటు చుట్టూ ఈథర్ 50 శాతం కాదు, 62 దాకా ఉంటుంది, స్టైరీన్‌కూ అంతే. అదే సూత్రంతో లెక్కేస్తే ఈథర్‌కు 8, స్టైరీన్‌కు 39 డిగ్రీలు వస్తాయి. 2000లో పాలిమర్ శాస్త్రవేత్తలు లాడ్జ్, మెక్‌లీష్ ప్రతిపాదించిన వివరణ ఇదే. బాగా కలిసిన బ్లెండ్‌లో కూడా రెండు పాలిమర్లూ వేర్వేరు వేగాలతో రిలాక్స్ అవుతాయి (కదిలి సర్దుకుంటాయి); అందుకే మెట్టు వెడల్పుగా వస్తుంది.

ప్రశ్న: అదే ఫిల్మ్‌కు డైఎలక్ట్రిక్ కొలతలో (మారే విద్యుత్ క్షేత్రానికి నమూనా స్పందనను చూసేది) ఒకే శిఖరం వచ్చింది. స్టైరీన్ ఏమైంది?

జవాబు: అక్కడే ఉంది, మీ పరికరానికి కనిపించడం లేదు. ఈథర్ సెగ్మెంటుకు బలమైన డైపోల్ (ధన, రుణ ఆవేశాల మధ్య ఎడం) ఉంది, స్టైరీన్‌కు చాలా స్వల్పం. మీరు చూసిన శిఖరం ఈథర్ కదలికే. అందుకే దాన్ని డీఎస్‌సీ టీజీతో నేరుగా పోల్చకూడదు.