అత్యవసర నిధిని ఊడ్చి సముద్రపు ఒడ్డున ఇల్లు కొనవచ్చా?

ప్రశ్న: నాకు 44 ఏళ్లు. నేనూ నా భార్యా ఉద్యోగులం. ఇద్దరు పిల్లలు చదువుకుంటున్నారు. సముద్రానికి ఎదురుగా ఒక ఇల్లు అమ్మకానికి వచ్చింది. రెండు వీధుల వెనక అంతే ఉన్న ఇంటికన్నా ధర 40 శాతం ఎక్కువ. ధరలో 20 శాతం మేం పెట్టుకోవాలి. ఇందుకు పొదుపుతోపాటు బ్యాంకులో ఊరికే పడి ఉన్న అత్యవసర నిధిని కూడా వాడి, ఇంకా తగ్గిన దానికి వ్యక్తిగత రుణం తీసుకుందామనుకుంటున్నాం. మా ఆదాయం 100 అనుకుంటే ఇంటి రుణ వాయిదాకు 42, వ్యక్తిగత రుణానికి 9, ఇంటి ఖర్చులకు 36 పోను 13 మిగులుతుంది. మేడ మీది గదులు పర్యాటకులకు అద్దెకిస్తే మరికొంత వస్తుంది. ఒడ్డున ఇంటికి అంత ధర పెట్టడం తెలివైన పనేనా?

జవాబు: ఈ పరిస్థితిలో వద్దు. 40 శాతం ఎక్కువ ధర గురించి మీరు అడిగారు కానీ, మీ ఉత్తరం చదువుతూ నేను ఆగిపోయింది ‘ఊరికే పడి ఉన్న’ అన్న మాట దగ్గర. ఇల్లు కొనేవారిలో చాలామంది అత్యవసర నిధిని ఇలాగే చూస్తారు. నీటి ఒడ్డున ఇల్లు కొనేవారికి ఆ నిధి మిగతావారికన్నా ఎక్కువ కావాలి. మీరేమో సరిగ్గా అక్కడే దాన్ని సున్నా చేస్తున్నారు.

మీ అంకెలతోనే లెక్క వేద్దాం. కొన్న తరువాత మీ నెలసరి చెల్లింపులు 87. ఆరు నెలల చెల్లింపులకు సరిపడే అత్యవసర నిధి అంటే 522. మిగిలే 13లో ఒక్క పైసా ముట్టకుండా దాచినా అది తిరిగి సమకూరడానికి 40 నెలలు పడుతుంది. అయితే ఆ 13లోంచే ఇంటి బీమా, మరమ్మతులు, పన్నులు కట్టాలి. వాటికి 6 తీసినా నెలసరి ఖర్చు 93 అవుతుంది, అవసరమైన నిధి 558 అవుతుంది, దాచగలిగేది 7కు పడిపోతుంది. అప్పుడు పట్టే కాలం దాదాపు 80 నెలలు, అంటే ఆరేళ్ల ఎనిమిది నెలలు. అంతకాలం మీ ఇద్దరి ఉద్యోగాలూ, నలుగురి ఆరోగ్యమూ, సముద్రమూ ఏ ఇబ్బందీ పెట్టకూడదన్నమాట.

సముద్రం మీద మరీ అంత నమ్మకం పెట్టుకోకండి. ‘నూరేళ్లకు ఒకసారి వచ్చే వరద’ అంటే నూరేళ్లకొకసారే వస్తుందని కాదు. ఏ సంవత్సరంలోనైనా రావడానికి 1 శాతం అవకాశం ఉందని అర్థం. 20 ఏళ్ల రుణకాలంలో అది కనీసం ఒకసారి వచ్చే అవకాశం సుమారు 18 శాతం. పైగా ఆ అంచనాలు గతాన్ని బట్టి వేసినవి. 1901 నుంచి 2018 మధ్య ప్రపంచ సగటు సముద్రమట్టం సుమారు 20 సెంటీమీటర్లు పెరిగింది, ఇటీవలి దశాబ్దాల్లో ఆ వేగం ఎక్కువైంది.

బీమా ఉంటుంది కదా అంటారు. ఉండాలి, కానీ పాలసీ పత్రం చదివి మరీ తీసుకోవాలి. తుఫాను గాలికి పైకప్పు ఎగిరిపోతే చెల్లించే పాలసీ, ఉప్పెన నీరు లోపలికి వస్తే చెల్లించకపోవచ్చు. చాలాచోట్ల వరదకు వేరే రక్షణ కొనుక్కోవాలి. పాలసీ సాధారణంగా కట్టడానికే తప్ప నేలకు వర్తించదు, ఒడ్డున మీరు అదనంగా ఇచ్చే 40 శాతమేమో దాదాపు అంతా నేల విలువే. తిరిగి కట్టడానికి అయ్యే ఖర్చులో సగానికే బీమా చేయిస్తే, చిన్న నష్టానికి కూడా సగమే ఇచ్చే నిబంధన చాలా పాలసీల్లో ఉంటుంది. అన్నిటికన్నా ముఖ్యంగా రుణం 20 ఏళ్లకు, బీమా ఏడాదికి: ప్రీమియం రెట్టింపు చేసే హక్కు, అసలు పునరుద్ధరించకుండా మానుకునే హక్కు కూడా సంస్థకు ఉండవచ్చు, మీ వాయిదా మాత్రం ఆగదు. క్లెయిమ్ తేలే నెలల్లో వాయిదాతోపాటు వేరే ఇంటి అద్దె కూడా కట్టవలసింది మీరే. దానికి ఉన్న డబ్బునే మీరు ‘ఊరికే పడి ఉంది’ అంటున్నారు.

ఇల్లు చూడడానికి వెళ్లినప్పుడు బాల్కనీలో నిలబడి సముద్రాన్ని చూస్తూ ఉండిపోకుండా, ఆ బాల్కనీ కిందికి వెళ్లి తలెత్తి చూడండి. ఉప్పుగాలి కాంక్రీటులోకి దిగితే లోపలి ఇనుప చువ్వలు తుప్పుపట్టి ఉబ్బుతాయి, చువ్వల వరసలోనే పగుళ్లు వస్తాయి, పెచ్చులు ఊడతాయి. వాటిపై కొత్తగా సిమెంటు పూసిన అతుకులుంటే ఇంజనీరును తీసుకువెళ్లండి. కింది అంతస్తులో స్విచ్చుబోర్డులన్నీ తల ఎత్తున బిగించి ఉంటే, ఎందుకని పక్కింటివారిని అడగండి, అమ్మేవారిని కాదు.

ఇక వ్యక్తిగత రుణం గురించి. అప్పుకు మార్జిన్ (ధరలో మీరు పెట్టుకోవలసిన 20 శాతం) కట్టడానికి ఇంకో అప్పా! ఆ 20 శాతం మీ సొంత డబ్బు కావాలని బ్యాంకు అడిగేదే మీకు ఆ భారం మోసే శక్తి ఉందో లేదో తెలుసుకోవడానికి. వడ్డీ ఎక్కువ, గడువు తక్కువ ఉన్న రుణంతో ఆ పరీక్ష గట్టెక్కితే మోసపోయేది బ్యాంకు కాదు, మీరు. ఆ రుణాన్ని ఇంటి రుణ దరఖాస్తులో దాచిపెట్టే ఆలోచన ఉంటే అది మరీ ప్రమాదం. పర్యాటకుల అద్దెను లెక్కలోంచి పూర్తిగా తీసేయండి. తుఫాను వచ్చిన నెలలో ఇంటికి ఖర్చూ ఉంటుంది, అతిథులూ ఉండరు.

వెనక వీధిలోని ఇల్లు కొనడం, లేదా ఒడ్డున ఒక ఏడాది అద్దెకుండి చూడడం మీ ఆదాయానికి తగినవి. ఏ ఇల్లు కొన్నా రుణం మొత్తానికి సరిపడేలా మీ ఇద్దరి టర్మ్ జీవిత బీమా పెంచండి.

అడ్వాన్సు ఇచ్చారో లేదో మీరు రాయలేదు. ఇవ్వకపోతే, ఉప్పెనకూ వరదకూ కలిపి ఆ ఇంటికి ఏడాది ప్రీమియం ఎంతో రెండు బీమా సంస్థల దగ్గర రాతపూర్వకంగా తెచ్చుకునేదాకా ఇవ్వకండి. ఇచ్చేసి ఉంటే, ఒప్పందంలో వెనక్కి తగ్గే గడువు ఎప్పటివరకు ఉందో ఈ వారంలోనే ఒక న్యాయవాదికి చూపించండి.