నీటి అడుగుకు దిగబోతున్న మేనకోడలికి

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

అండమాన్‌లోని స్వరాజ్ ద్వీప్‌లో స్కూబా (గాలి సిలిండర్ తగిలించుకుని నీటి అడుగున ఈదడం) నేర్చుకోబోతున్నావని అక్కయ్య చెప్పింది. పరికరాల సంగతి శిక్షకులు చూసుకుంటారు. రుషికొండ సముద్రంలో ఏళ్ల తరబడి మునిగినవాడిగా నేను నీ రక్తనాళాల గురించి రాస్తున్నాను.

నీటిలో ప్రతి 10 మీటర్లకు మరో వాతావరణ పీడనం మీద పడుతుంది. 18 మీటర్ల లోతున పీల్చేది మామూలు గాలే అయినా, అందులోని ఆక్సిజన్ ఒడ్డున ఉన్నదానికి దాదాపు మూడు రెట్ల పీడనంతో ఒంటికి అందుతుంది. అప్పుడు కణాల్లో ఫ్రీ రాడికల్స్, అంటే కణాలను దెబ్బతీసే చురుకైన అణువులు, ఎక్కువగా పుడతాయి. వాటిని అణచే ఎంజైముల శక్తి చాలకపోతే ఏర్పడే స్థితినే ఆక్సీకరణ ఒత్తిడి అంటారు. నాళాలను సడలించే నైట్రిక్ ఆక్సైడ్‌ను ఈ రాడికల్స్ హరిస్తాయి కనుక, ఏ ఇబ్బందీ లేకుండా ముగిసిన డైవ్ తరువాత కూడా నాళాలు కొంతకాలం మునుపటిలా వ్యాకోచించలేవు.

పైకి వచ్చేటప్పుడు మరింత జాగ్రత్త అవసరం. లోతులో ఒంట్లో కరిగిన నైట్రోజన్ బుడగలై సిరల్లోకి చేరుతుంది. అవి నాళాల లోపొరను ఒరుసుకుంటూ తెల్ల రక్తకణాలను రేపగా, గాయమేదీ కనబడకుండానే లోలోపల వాపు మొదలవుతుంది. అందుకే నిమిషానికి 9 మీటర్లకు మించని వేగంతో పైకి రా, 5 మీటర్ల దగ్గర 3 నిమిషాలు తప్పక ఆగు. ఒకసారి పడవవాళ్లు తొందరపెట్టారని నేను ఆగకుండా పైకి వచ్చి, కీళ్ల సలుపుతోనూ విపరీతమైన నీరసంతోనూ రెండు రోజులు పడి ఉన్నాను. ఆ బుడగలు తెచ్చిన జబ్బును అలసట అనుకుని ఎవరికీ చెప్పకపోవడం నేను చేసిన పెద్ద తప్పు. నీకు అలా అనిపిస్తే దాచవద్దు, వెంటనే ఆక్సిజన్ అడిగి పెట్టించుకుని వైద్యుడికి చూపించుకో. లోతులో ఇబ్బంది పెట్టిన ఆక్సిజనే బుడగల జబ్బుకు మందు కావడం నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

డైవ్‌కు ముందు సి, ఇ విటమిన్లు ఇస్తే నాళాలకు కలిగే ఇబ్బంది కొంత తగ్గిందని క్రొయేషియా పరిశోధకులు చూపారు. అయినా మాత్రను నమ్ముకుని లోతు పెంచడం నాకు సమ్మతం కాదు. నీళ్లు బాగా తాగు, రాత్రి కంటినిండా నిద్రపో, జ్వరమో జలుబో ఉన్ననాడు దిగకు.

వరుసగా డైవ్‌లు చేశాక కనీసం 18 గంటలు విమానం ఎక్కకూడదు. తిరుగు ప్రయాణపు టికెట్ ఆ లెక్క చూసుకునే తీసుకో.

ఇట్లు,
మామయ్య