పిక్క నొప్పి, మానని పుండు: మిర్చి ఏరుడు అయ్యేదాకా ఆగొచ్చా?

ప్రశ్న: మాది నర్సంపేట దగ్గర పల్లె. మా బాపుకు 59 ఏళ్లు. పదేళ్లుగా షుగర్ ఉంది, బీడీలు తాగుతాడు. ఏడాదిగా కొంచెం దూరం నడిస్తే చాలు, కుడి పిక్క పట్టేస్తోంది. కాసేపు నిలబడితే తగ్గుతోంది. ఊళ్లో ఆర్‌ఎంపీ నరాల బలహీనత అని ఇంజెక్షన్లు ఇచ్చాడు, గుణం లేదు. మూడు వారాల కింద చెప్పు ఒరుసుకుని బొటనవేలికి పుండైంది, మానట్లేదు. రాత్రిళ్లు కాలు మంచం మీంచి కిందికి వేలాడేసి పడుకుంటున్నాడు. మిర్చి ఏరుడు అయ్యాక చూపించుకుంటా అంటున్నాడు. ఆగొచ్చా?
– ఒక పాఠకుడు, వరంగల్ జిల్లా

జవాబు: ఆగొద్దు. రెండు మూడు రోజుల్లోనే తీసుకెళ్లండి. పుండు నల్లబడినా, చీము పట్టినా, జ్వరం వచ్చినా ఇవాళే బయల్దేరండి.

మీరు రాసినవాటిలో నన్ను ఎక్కువ భయపెట్టింది ఆయన కాలు వేలాడేసి పడుకోవడం. కాలు చాపితే పాదానికి రక్తం చాలక నొప్పి పుడుతుంది. కిందికి దించితే కొంత రక్తం దిగి హాయిగా ఉంటుంది. అంటే నడిచేటప్పుడే కాదు, కదలకుండా పడుకున్నా ఆ పాదానికి కావలసినంత రక్తం అందట్లేదు. దానికి తోడు మానని పుండు. కాలి ధమనులు బాగా పూడుకుపోయినప్పుడు కనిపించే లక్షణాలివి. ఈ దశలో ఆలస్యం చేస్తే వేలు, ఒక్కోసారి కాలే తీసేయాల్సి రావచ్చు.

ఇలాంటి నొప్పిని నరాల బలహీనత అనుకుని నెలలు గడిపేస్తుంటారు. షుగర్ వల్ల నరాలు దెబ్బతింటే మంటలు, తిమ్మిర్లు కూర్చున్నా ఉంటాయి. నడుములో నరం నొక్కుకుంటే కూర్చున్నప్పుడో ముందుకు వంగినప్పుడో హాయి అనిపిస్తుంది. నడకతో వచ్చి, ఊరికే నిలబడితే తగ్గిపోయే పిక్క నొప్పికి మాత్రం ముందుగా రక్తనాళాలనే అనుమానించాలి.

డాక్టర్ మొదట పాదం మీద నాడి పట్టి చూస్తారు. తర్వాత చీలమండ దగ్గర బీపీ కొలిచి, చేతి బీపీతో పోలుస్తారు. మామూలుగా రెండూ దాదాపు సమానం. చీలమండ బీపీని చేతి బీపీతో భాగిస్తే 0.9 లేదా అంతకన్నా తక్కువ వస్తే పూడిక ఉన్నట్టు. షుగర్ వాళ్లలో నాళాల గోడలు కాల్షియం పట్టి గట్టిపడతాయి కాబట్టి ఈ లెక్క బాగున్నట్టే చూపించొచ్చు. అందుకే నాళాల్లో రక్తం ఎలా పారుతోందో చూపే డాప్లర్ స్కాన్ కూడా చేయించండి. యాంజియోగ్రామ్ (నాళాల్లోకి మందు ఎక్కించి తీసే ఎక్స్‌రే) అవసరమైతే, ఆ మందు కిడ్నీలకు భారం కావచ్చు కాబట్టి ముందు క్రియాటినిన్ అనే కిడ్నీ పరీక్ష చూస్తారు. పూడికను బట్టి బెలూన్‌తో నాళాన్ని వెడల్పు చేయడం, లోపల స్టెంట్ (సన్నటి జాలీ గొట్టం) వేయడం లేదా బైపాస్ (రక్తానికి పక్కదారి వేసే ఆపరేషన్) చేస్తారు.

వరంగల్ ఎంజీఎంలో సర్జరీ ఓపీకి వెళ్లండి. రక్తనాళాల సర్జన్ అవసరమైతే హైదరాబాద్ నిమ్స్‌లో ఆ విభాగం ఉంది. రేషన్ కార్డు, ఆధార్ వెంట ఉంచుకుని, ఆరోగ్యశ్రీ వర్తిస్తుందేమో ఆరోగ్యమిత్రను అడగండి.

గుండె పరీక్ష కూడా అప్పుడే చేయించండి. కాలి ధమనుల్లో పేరుకున్న కొవ్వే గుండెలోనూ, మెదడుకు వెళ్లే నాళాల్లోనూ పేరుకుంటుంది. ఇలాంటివారికి గుండెపోటు, పక్షవాతం ముప్పు ఎక్కువ. కొలెస్ట్రాల్ రిపోర్టు నార్మల్ వచ్చినా కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మాత్ర, రక్తం గడ్డకట్టకుండా మరో మాత్ర రాయడం అందుకే. అవి నొప్పి మాత్రలు కావు, నొప్పి తగ్గిందని ఆపకూడదు. అలాగని మీ అంతట మీరు మొదలుపెట్టొద్దు.

అప్పటిదాకా పుండు మీద ఆకు పసరు, పసుపు పెట్టొద్దు. వేడినీళ్ల కాపడం అసలే వద్దు, షుగర్ ఉన్న పాదానికి చర్మం కాలినా తెలియదు. గట్టిగా కట్టు కట్టొద్దు, కాలు దిండు మీద ఎత్తి పెట్టొద్దు. శుభ్రమైన గాజుగుడ్డ వదులుగా చుట్టి, పాదం మీద బరువు పడకుండా చూడండి. పిక్క నొప్పికి రోజూ నడవడం మంచి వైద్యమే కానీ, పుండు ఉండగా కాదు.

బీడీ గురించి కచ్చితంగా చెబుతున్నాను. కట్ట నుంచి సగం కట్టకు తగ్గిస్తే సరిపోదు, పూర్తిగా మానాలి. స్టెంట్ వేసినా, బైపాస్ చేసినా, బీడీ కొనసాగితే నాళం మళ్లీ మూసుకుపోయే ముప్పు బాగా పెరుగుతుంది. మానడానికి సాయం కావాలంటే 1800-11-2356 ప్రభుత్వ ఉచిత నంబర్‌కు ఫోన్ చేయండి.

కాలు ఒక్కసారిగా చల్లబడి, పాలిపోయి, స్పర్శ పోతే, లేదా వేళ్లు కదలకపోతే ఓపీ కోసం తెల్లారేదాకా చూడొద్దు. వెంటనే 108కి ఫోన్ చేయండి. అప్పుడు కాలు దక్కడానికి ఉండేది కొన్ని గంటల సమయమే.