ఇరవై రెట్లు... దేనికి?

ప్రశ్న: మా తాతయ్య అరవై ఏళ్లు సిగరెట్లు కాల్చి, 86వ ఏట నిద్రలోనే కన్నుమూశారు. పొగతాగేవారికి ఊపిరితిత్తుల క్యాన్సర్ ముప్పు ఇరవై రెట్లని ఒకచోట, వారిలో ఎక్కువమందికి అది రాదని మరొకచోట చదివాను. పైగా 1950లో లండన్‌లో చూస్తే, క్యాన్సర్ లేనివారిలోనూ దాదాపు అందరూ పొగతాగేవారేనట. ఏది నమ్మమంటారు?
- ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: మీరు చదివినవన్నీ నిజాలే. ‘ఇరవై రెట్లు’ అనగానే బెదిరిపోతాం గానీ, దేనికి ఇరవై రెట్లని అడగం. బ్రిటన్ పురుషులపై పరిశోధకులు పీటో, డాల్ తదితరులు 2000లో ప్రకటించిన అంచనా ప్రకారం, సిగరెట్లు మానకుండా కాల్చేవారిలో, వేరే కారణంతో ముందే పోకుంటే, 75 ఏళ్లలోపు ఈ క్యాన్సర్‌తో మరణించేవారు నూటికి సుమారు 16 మంది. ఎన్నడూ కాల్చనివారిలో నూటికి ఒక్కరు కూడా ఉండరు. ఒకటి కన్నా తక్కువైన అంకెను ఇరవైతో హెచ్చవేసినా నూరు కాదు కదా! మీ తాతయ్యగారు మిగిలిన 84 మందిలో ఒకరు.

లండన్ లెక్క ఇంకా తమాషా అయినది. డాల్, బ్రాడ్‌ఫర్డ్ హిల్ ఊపిరితిత్తుల క్యాన్సర్ వచ్చిన 649 మంది పురుషులను, వేరే జబ్బులతో ఆస్పత్రుల్లో చేరిన మరో 649 మందిని ప్రశ్నించగా, పొగతాగేవారు మొదటి జట్టులో 647, రెండవ జట్టులో 622 మంది తేలారు. శాతాల్లో 99.7, 95.8, ఈమాత్రానికేనా ఇంత గొడవ అనిపిస్తుంది. పొగతాగనివారిని లెక్కపెట్టి చూడండి: అక్కడ ఇద్దరు, ఇక్కడ 27 మంది! ఆనాటి లండన్‌లో పొగతాగని మగవాడే అరుదు కనుక, తేడా అంతా ఆ కొద్దిమందిలోనే దాగి ఉంది. 647ను 2తోనూ, 622ను 27తోనూ భాగించి, మొదటి ఫలితం రెండవదానికి ఎన్ని రెట్లో చూస్తే సుమారు 14 వస్తుంది. అంటే పొగతాగేవారికి ముప్పు దాదాపు అన్ని రెట్లన్నమాట.

అయినా పొగే కారణమని ఒప్పుకోకుండా, పొగతాగాలన్న కోరికకూ, క్యాన్సర్‌కూ ఒకే వంశలక్షణం మూలం కావచ్చునని గణాంక శాస్త్రంలో దిగ్గజమైన ఫిషర్ వాదించారు (ఆయన స్వయంగా పైపు తాగేవారు, పొగాకు కంపెనీలకు సలహాదారు కూడా). అయితే పైన చెప్పిన 16 అంకె, యాభయ్యవ ఏట మానేసినవారిలో 6కు, ముప్పయ్యవ ఏట మానేసినవారిలో 2కు దిగింది. సిగరెట్ మానినంతలో వంశలక్షణం మారదు కనుక, ఈ తగ్గుదలకు ఆ వాదం సరైన సమాధానం చెప్పలేదనే నా అభిప్రాయం.

ఆ 16లో ఉన్నవి ఊపిరితిత్తుల క్యాన్సర్ మరణాలు మాత్రమేననీ, పొగ వల్ల వచ్చే గుండెజబ్బుల లెక్క వేరే ఉందనీ గమనించగలరు.