ఇన్‌కమ్ ట్యాక్స్ రీఫండ్‌లో పర్సంటేజీ అడుగుతున్నాడంటే వద్దనే చెప్పండి

ఫామ్ 16 (జీతం, అందులో కోసిన పన్ను చూపిస్తూ ఆఫీసు ఇచ్చే పత్రం) ప్రకారం మీకు రీఫండ్ ఏమీ రాదని, అయినా ఒక కన్సల్టెంట్ 45 వేలు ఇప్పిస్తానంటూ అందులో 10 శాతం అడుగుతున్నాడని, నమ్మొచ్చా అని అడిగారు. వద్దండి. సరిగ్గా ఈ మాటే నమ్మి నేను దెబ్బతిన్నాను.

2022 జులైలో, రిటర్న్ వేసే గడువు ఇంకో నాలుగు రోజులు ఉందనగా, ఆఫీసులో అందరూ వెళ్తున్నారని నేనూ కూకట్‌పల్లిలో ఒకాయన దగ్గరికి వెళ్లాను. పాన్, ఆధార్, ఫామ్ 16, ఇన్‌కమ్ ట్యాక్స్ పోర్టల్ పాస్‌వర్డ్ అన్నీ ఇచ్చేశాను. సేవింగ్స్ ఏమైనా ఉన్నాయా అని కూడా ఆయన అడగలేదు. నా ఫోన్‌కి వచ్చిన ఓటీపీ చదివి చెప్పాను, అంతే. కొన్ని వారాల్లోనే ఖాతాలో 41,600 పడ్డాయి. ఆయనకు 4,160 పంపించి, మా తమ్ముడికి కూడా ఆ నంబరే ఇచ్చాను. తమ్ముడిని కూడా ఇందులోకి లాగానన్న బాధ ఇప్పటికీ ఉంది.

2024 డిసెంబర్‌లో నా పక్క సీటులో కూర్చునే అతనికి నోటీసు వచ్చింది. అతని రిటర్న్ వేసింది కూడా ఆ కన్సల్టెంటే. టెన్షన్‌తో ఆ రాత్రే ఆధార్ ఓటీపీతో పాస్‌వర్డ్ మార్చి లాగిన్ అయ్యాను. ప్రొఫైల్‌లో ఉన్న ఈమెయిల్ నాది కాదు, ఆ కన్సల్టెంట్‌ది! ఆదాయపు పన్ను శాఖ నుంచి ఏ మెయిల్ వచ్చినా ఆయనకే వెళ్తుంది. రిటర్న్ పీడీఎఫ్ మొదటిసారి తెరిచింది కూడా అప్పుడే. మినహాయింపుల పేజీలో 80జీజీసీ కింద రాజకీయ పార్టీకి లక్ష విరాళం, 80ఈ కింద ఎడ్యుకేషన్ లోన్ మీద లక్ష వడ్డీ చూపించి ఉన్నాయి. నేను ఏ పార్టీకీ రూపాయి ఇవ్వలేదు. ఎడ్యుకేషన్ లోన్ అసలు తీసుకోనే లేదు, మా నాన్న అర ఎకరం అమ్మి నా బీటెక్ ఫీజులు కట్టారు. ఆ గడిలో లక్ష అంకె చూసేసరికి అమ్మేసిన ఆ చేను కళ్ల ముందుకొచ్చింది.

కన్సల్టెంట్‌కి ఫోన్ చేస్తే "నోటీసు వచ్చినప్పుడు చూసుకుందాం సార్" అన్నాడు. వారం తర్వాత నంబర్ స్విచాఫ్.

నాకు అప్పటికి నోటీసు రాలేదు. తెలిసిన సీఏ (చార్టర్డ్ అకౌంటెంట్) గారి సలహాతో 2025 జనవరిలో అప్‌డేటెడ్ రిటర్న్ (మామూలు గడువులు దాటాక అదనపు పన్ను కట్టి తప్పు సరిచేసుకునేది) వేశాను. వెనక్కి కట్టాల్సిన 41,600, దాని మీద నెలకి 1 శాతం చొప్పున వడ్డీ, ఆ రెండూ కలిపిన మొత్తం మీద ఇంకో 50 శాతం అదనపు పన్ను. మొత్తం 83 వేల పైచిలుకు. ఏడాది ముందే మేలుకుని ఉంటే అదనపు పన్ను 25 శాతమే అయ్యేది. అదే శాఖ పట్టుకుని తప్పుడు వివరాలని తేలిస్తే, ఎగ్గొట్టిన పన్నుకి 200 శాతం జరిమానా. రిటర్న్ ఎవరు టైప్ చేసినా జవాబు చెప్పాల్సింది పాన్ ఎవరిదో వాళ్లే.

2025 జులై 14న ఇలాంటి దొంగ మినహాయింపుల మీదే శాఖ దేశమంతటా 150 చోట్ల తనిఖీలు చేసింది. ఇప్పుడు రిటర్న్ ఫామ్‌లోనే విరాళం ఇచ్చిన తేదీ, లావాదేవీ నంబర్, లోన్ ఇచ్చిన బ్యాంకు, ఖాతా నంబర్ అడుగుతున్నారు. 2022లో మాలాగా ఉత్త అంకె వేసి వదిలేయడం ఇక కుదరదు.

అసలు సీఏలు రీఫండ్‌లో వాటా ఫీజుగా తీసుకోవడం వాళ్ల చట్టం ప్రకారమే తప్పు. కాబట్టి పర్సంటేజీ అడిగాడంటే అతను సీఏ కాకపోవచ్చు, లేదా నియమాలు లెక్కచేయని సీఏ. మెంబర్‌షిప్ నంబర్ అడిగి సీఏల సంస్థ ఐసీఏఐ వెబ్‌సైట్‌లో చూసుకోండి. ఫీజు ముందే మాట్లాడుకోండి. పోర్టల్‌లో మెయిల్, ఫోన్ మీవే ఉండాలి. ఓటీపీ చెప్పే ముందు డ్రాఫ్ట్ పీడీఎఫ్ తెప్పించుకుని మినహాయింపుల పేజీ ఒక్కటైనా చదవండి, ప్రతి అంకెకీ మీ దగ్గర కాగితం ఉందా అని చూసుకోండి. నాకు ఆ పని చేయడానికి పది నిమిషాలు పట్టేది. జీతం ఒక్కటే ఆదాయమైతే చాలా వివరాలు పోర్టల్‌లో ముందే నింపి ఉంటాయి, మీరే వేసుకోవచ్చు. నేను, తమ్ముడు ఇప్పుడు అలాగే వేసుకుంటున్నాం.

ఒకవేళ మీరు ఇప్పటికే అతనికి పాస్‌వర్డ్ ఇచ్చి ఉంటే ఈ రాత్రికే మార్చేయండి. రిటర్న్ కూడా వేసేశాడంటే, రివైజ్డ్ రిటర్న్ (వేసిన రిటర్న్‌ని సరిచేసి మళ్లీ వేసేది) గడువు ఉందేమో చూడండి. ఆ గడువులోపు సరిచేసుకుంటే నేను కట్టిన 50 శాతం అదనపు పన్ను మీకు పడదు.