పికప్ సరే, బరువు సంగతేంటి?

ప్ర: కొత్త బీఎండబ్ల్యూ ఎం5 పవర్ 727 హార్స్‌పవర్. అయినా మీరు దాన్ని మెచ్చుకోరు. ఎందుకని? (విశాఖపట్నం పాఠకుడు)

బరువండీ. 1985 నాటి మొదటి ఎం5 బరువు 1,430 కిలోలు, పవర్ 286. ఇప్పటి హైబ్రిడ్ ఎం5, అంటే పెట్రోల్ ఇంజిన్‌కి తోడు బ్యాటరీ, మోటారు ఉన్నది, 2,400 కిలోలు దాటింది, అంటే పాతదాని మీద దాదాపు ఇంకో టన్ను. తిన్నగా పోతున్నంతసేపూ ఆ బరువు తెలియదు, సున్నా నుంచి వందకి మూడున్నర సెకన్లలో లాగేస్తుంది. తెలిసేదల్లా మలుపులో, బ్రేకు దగ్గర. అదే వేగం నుంచి ఆపాలంటే బరువు పెరిగినకొద్దీ బ్రేకులు మింగాల్సిన వేడీ పెరుగుతుంది, టైరు మాత్రం రోడ్డుని పట్టుకునేది ఇంచుమించు అరచేయంత జాగాలోనే. యూరప్‌లో పొగ నిబంధనలు బిగించారు కాబట్టి కంపెనీలకి బ్యాటరీ, మోటారు పెట్టక తప్పలేదు, ఒప్పుకుంటాను. కానీ మెర్సిడెస్ ఏఎంజీ సీ63లో నాలుగు లీటర్ల వీ8 తీసేసి రెండు లీటర్ల నాలుగు సిలిండర్ల ఇంజిన్‌కి మోటారు జోడించారు. పవర్ 510 నుంచి 680కి పెరిగింది, బరువు రెండు టన్నులు దాటింది, ఆ కారంటే ప్రాణం పెట్టినవాళ్లు మొహం తిప్పుకున్నారు. నేనూ వాళ్లలో ఒకణ్ణే. కాగితం మీద అంకెలు పెంచడం కాదు కావాల్సింది, స్టీరింగ్ పట్టుకుంటే ముందు టైర్లు ఏం చేస్తున్నాయో చేతికి తెలియాలి.

ప్ర: ఫోక్స్‌వ్యాగన్ గోల్ఫ్ జీటీఐ హ్యాచ్‌బ్యాక్‌కి యాభై లక్షలు పైన పెట్టడం దండగ అంటున్నారు మా ఇంట్లో. మీరేమంటారు? (నెల్లూరు పాఠకుడు)

2025 మేలో వచ్చినప్పుడు ఎక్స్‌షోరూమ్ ధర 52.99 లక్షలు. పూర్తిగా బయట తయారై దిగుమతి అయిన బండి కాబట్టి అందులో పన్నుల వాటా గట్టిగానే ఉంటుంది. ఆ డబ్బుకి పెద్ద ఎస్‌యూవీ వస్తుందని ఇంట్లోవాళ్లు అంటే అదీ నిజమే. కానీ 265 హార్స్‌పవర్, ముందు చక్రాల మధ్య లాక్ అయ్యే డిఫరెన్షియల్ (మలుపులో ఒక చక్రం ఊరికే తిరిగిపోకుండా చూసేది), నలుగురు కూర్చునే చోటు, సామాన్లకి డిక్కీ, ఇవన్నీ ఉండి వారమంతా ఆఫీసుకి వాడుకుని ఆదివారం పొద్దున్నే ఘాట్‌రోడ్డు ఎక్కించగలిగే బండి ఆ పెద్ద ఎస్‌యూవీల్లో ఏదీ కాదు. నడపడం ఇష్టమైతే కొనండి. హోదా కోసమైతే వద్దు.

ప్ర: ఫార్ములా ఈ కూడా ఒక రేసేనా? చప్పుడే లేదు కదా! (హైదరాబాద్ పాఠకుడు)

బ్యాటరీతో నడిచే కార్ల పోటీ అయినా ముమ్మాటికీ రేసే. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్‌సాగర్ ఒడ్డున జరిగిన రేసుని నేను స్టాండ్‌లో కూర్చుని చూశాను. ఇంజిన్ రొద లేదు కాబట్టే మిగతావన్నీ వినిపించాయి: సన్నగా ఈల వేసినట్టు మోటారు, మలుపులో టైర్లు అరవడం, గతుకు దగ్గర కారు అడుగు రోడ్డుకి గీసుకుని ఠప్‌మనడం.

ఇందులో ఉన్న మజా ఏంటంటే, మొదటి నుంచి చివరిదాకా యాక్సిలరేటర్ తొక్కిపట్టి ఉంచితే రేసు పూర్తయ్యేలోపే చార్జ్ అయిపోతుంది. అందుకే మలుపుకి చాలా ముందే కాలు తీసేసి కారుని దొర్లనిస్తారు, బ్రేకు వేసినప్పుడు వచ్చే శక్తిని మళ్లీ బ్యాటరీలోకి పంపిస్తారు. ఆ తరం కార్లలో వెనక చక్రాలకి మామూలు హైడ్రాలిక్ బ్రేకులే లేవు, ఆ పని మోటారే చేసేది. ఆ రోజు చివరి ల్యాపుల్లో జాన్ ఎరిక్ వెర్న్ ముందున్నాడు, వెనకే నిక్ కాసిడీ, పైగా వెర్న్ కంటే ఎక్కువ చార్జ్ మిగుల్చుకుని. వెర్న్ మాత్రం ప్రతి మలుపులోనూ లోపలి వైపు కారు అడ్డం పెట్టి దారివ్వలేదు, గీత దాటేసరికి ఇద్దరి మధ్య అర సెకను కూడా తేడా లేదు. దీన్ని రేసు కాదంటే ఎలా? 2024 ఫిబ్రవరిలో జరగాల్సిన రెండో ఏడాది రేసు జనవరిలోనే రద్దయిపోయింది, ఆ బాధ నాకింకా తీరలేదు. మన ఊరి పిల్లలు ఫుట్‌పాత్ మీద నుంచి తొంగిచూసిన ప్రపంచస్థాయి రేసు అది, మళ్లీ రావాలి.

ప్ర: నా టర్బో పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్‌కి స్టేజ్ 1 రీమ్యాప్ (ఇంజిన్ కంప్యూటర్ ప్రోగ్రామ్ మార్చి పవర్ పెంచడం) చేయిస్తే హైదరాబాద్ ఔటర్ మీద 200 అందుకుంటుందా? (గుంటూరు పాఠకుడు)

ఔటర్ రింగ్ రోడ్డు మీద గరిష్ఠ వేగం 120. అక్కడ లారీ లేన్ మారినా, టైరు పేలి బండి ఆగి ఉన్నా, 200లో మీకు తప్పించుకునే టైమ్ ఉండదు, మీతోపాటు ఇంకో కుటుంబం పోతుంది. ఈ ప్రశ్నకి నా దగ్గర ఇంకో జవాబు లేదు.

మీ సరదాకి చోటు చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో ఉంది, 3.7 కిలోమీటర్ల మద్రాస్ ఇంటర్నేషనల్ సర్క్యూట్. ట్రాక్ డే, అంటే మన కారు మనం ట్రాక్ మీద నడుపుకోనిచ్చే రోజు, పెట్టినప్పుడు వెళ్లండి. రీమ్యాప్ డబ్బులు ముందు మంచి టైర్లకి, బ్రేక్ ప్యాడ్లకి, కొత్త బ్రేక్ ఫ్లూయిడ్‌కి పెట్టండి. ఏ మార్పులూ చేయని బండితో గట్టిగా నాలుగు ల్యాపులు తిప్పితే తెలుస్తుంది: ముందు కాలిన వాసన, తర్వాత పెడల్ మెత్తబడి కిందికి దిగిపోవడం, మొదటి ల్యాపులో ఆగిన చోట నాలుగోదాన్లో ఆగకపోవడం. పాత ఫ్లూయిడ్ నీరు పీల్చుకుని ఉంటుంది, వేడికి అది మరిగి ఆవిరి బుడగలు కడుతుంది, ఆ బుడగలు నొక్కుకుపోతుంటే పెడల్ బలం ప్యాడ్ల దాకా చేరదు. ఈ స్థితిలో పవర్ పెంచడం అవసరమా? రీమ్యాప్‌తో వారంటీ పోయే ప్రమాదముంది, ఇన్సూరెన్స్ వాళ్లు కూడా పేచీ పెట్టొచ్చు.

ప్ర: మా అమ్మాయికి పన్నెండేళ్లు. రేసింగ్ అంటే పిచ్చి. ఎక్కడ మొదలుపెట్టాలి? (తిరుపతి పాఠకురాలు)

కార్టింగ్‌తోనమ్మా, అంటే నేలకి ఆనుకున్నట్టుండే చిన్న రేసు బళ్లతో, ఇవాళే. దాని తర్వాతి మెట్టు, రేసు కార్ల ఫార్ములా 4లోకి పదిహేనేళ్లకి గానీ రానివ్వరు, ఈ మూడేళ్లూ కార్టింగ్‌లో గడిస్తే వృథా కావు. 2025లో మొనాకోలో ఫార్ములా 2 (ఫార్ములా 1కి ఒక్క మెట్టు కింద) స్ప్రింట్ రేసు గెలిచిన మన బెంగళూరు కుర్రాడు కుశ్ మైనీ కూడా కార్టింగ్ నుంచే వచ్చాడు. మీకు చెన్నై దగ్గరే కాబట్టి అక్కడి ట్రాకులు చూసుకోండి. పోటీల్లో దిగాలంటే మోటార్ స్పోర్ట్స్ సమాఖ్య ఎఫ్ఎంఎస్‌సీఐ లైసెన్స్ కావాలి. ఖర్చు దాచను, పై మెట్లకి వెళ్లేకొద్దీ లక్షలు, ఆ తర్వాత కోట్లు, స్పాన్సర్ లేకుండా నడవదు. అందుకని మొదటి ఏడాది సొంత కార్ట్ కొనకండి, అద్దెదే నడపనివ్వండి. హెల్మెట్ మాత్రం సొంతది, తలకి సరిగ్గా పట్టేది కొనండి, పక్కటెముకలకి ప్రొటెక్టర్ కూడా. కార్ట్‌లో సస్పెన్షన్ ఉండదు కదా, దెబ్బలు ముందు తగిలేది పక్కటెముకలకే.