బ్రౌనీ గిన్నె నీ చేతిలోనే ఉండాలి

చిరంజీవి చిన్నాకి,

అత్తయ్య ఆశీస్సులు. నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. మీ పై ఫ్లాట్ వాళ్ళు అమెరికా వెళ్ళిపోతుంటే వాళ్ళ బ్రౌనీని, ఆ 11 ఏళ్ళ లాబ్రడార్‌ని నువ్వు తెచ్చుకుంటున్నావట కదా. "కుక్కపిల్లయితే సరే, ఏరికోరి ముసలిదాన్ని తెచ్చుకుంటాడట, పైగా దానికి కడుపు బాగోదట" అని ఒకటే గొణుగుడు. నాకు మాత్రం గుండె నిండిపోయింది రా. మా అరుగు మీద మా కుక్క రాజుగాడి మెడ కావలించుకుని నిద్రపోయిన పిల్లాడివి, నువ్వు కాకపోతే ఇంకెవరు తెచ్చుకుంటారు? కానీ ఫోన్ పెట్టేశాక నాకు నిద్ర పట్టలేదు. ఫోన్‌లో చెబితే "సరే అత్తయ్యా, సరే అత్తయ్యా" అంటావు, మర్చిపోతావు. అందుకే రాస్తున్నాను. ఫ్రిజ్ మీద అంటించుకో.

వాళ్ళు ఊరు వదలక ముందే దాని తిండి సంగతి కూర్చుని అడుగు. ఏ కంపెనీది పెడుతున్నారు, పూటకి ఎంత, ఎన్ని గంటలకి, ఏది తింటే పడలేదు. అదే తిండి ఒక నెలకి సరిపడా కొనుక్కో. ఇల్లు మారిందన్న బెంగే దానికి చాలు, తిండి కూడా అప్పుడే మార్చకు. తర్వాత మార్చాలనుకుంటే మొదటి మూడు రోజులు పావు వంతు కొత్తది, ముప్పావు పాతది. ఇంకో మూడు రోజులు సగం సగం. ఆ తర్వాత ముప్పావు కొత్తది. పదో రోజుకి పూర్తిగా మారితే చాలు. మధ్యలో విరేచనం పల్చబడితే ఒక అడుగు వెనక్కి వెయ్యి, తొందరేం లేదు.

వచ్చిన వారంలోనే డాక్టరుకి చూపించు. రక్తపరీక్ష, మలపరీక్ష రెండూ చేయించు. "కడుపు సున్నితం" అని వాళ్ళు సరిపెట్టుకున్నది నులిపురుగులు కావచ్చు, కిడ్నీ కావచ్చు. నీళ్ళు మరీ ఎక్కువ తాగుతుంటే ఆ మాట డాక్టరుతో తప్పకుండా చెప్పు.

ఇప్పుడు అసలు సంగతి. ఇది నీకు ఇన్నేళ్ళలో ఎప్పుడూ చెప్పలేదు.

రాజుగాడికి అప్పుడు 12 ఏళ్ళు. నీకు ఆరు. సంక్రాంతికి మీరంతా మా ఇంటికి వచ్చారు. ఇంటికి కొత్తల్లుడు కూడా వచ్చాడని భోగి నాడు నాటుకోడి వండాం. ముప్ఫై మందికి వడ్డించి, అందరూ తిని లేచేసరికి మూడు దాటింది. రాజుగాడు పొద్దుటి నుంచీ పెరటి గడప మీద గడ్డం ఆనించి, నన్నే చూస్తూ పడుకుని ఉన్నాడు. నాకు జాలేసింది. తపేలా అడుగున చిక్కగా పేరుకున్న నూనె, కోడి చర్మం, ఉల్లిపాయ ముద్ద, అన్నీ గరిటెతో గీకి, దాంట్లో రెండు పిడికిళ్ళ అన్నం కలిపాను. అన్నం ఎర్రగా మెరిసిపోయింది. పండగ కదా, వాడూ మన ఇంటివాడే కదా అనుకున్నాను. చివరి మెతుకు దాకా నాకేశాడు. గిన్నె నేను కడగక్కర్లేకుండా.

సంక్రాంతి తెల్లారేసరికి రెండుసార్లు కక్కాడు. దిష్టి అనుకున్నాను. ఉప్పూ మిరపకాయలూ తిప్పి పొయ్యిలో వేశాను. వాము నీళ్ళు పట్టాను. సాయంత్రం నెయ్యి వేసి పెరుగన్నం పెట్టాను, అది కూడా కక్కేశాడు. అప్పుడు నువ్వు పెరట్లోంచి పరుగెత్తుకుంటూ వచ్చి, "అత్తయ్యా, రాజుగాడు దణ్ణం పెడుతున్నాడు చూడు" అన్నావు. వెళ్ళి చూశాను. ముందు కాళ్ళు నేల మీద చాపేసి, రొమ్ము నేలకి ఆనించి, నడుము మాత్రం పైకెత్తి అలాగే నిలబడ్డాడు. పిల్లలంతా నవ్వారు, నేనూ నవ్వాను. ఒళ్ళు విరుచుకుంటున్నాడు అనుకున్నాను. అది కడుపునొప్పి రా చిన్నా. పొట్టలో భరించలేని నొప్పి వస్తే కుక్క అలా నిలబడుతుందని నాకు తర్వాత తెలిసింది. నీ తప్పేం లేదు, పసివాడివి. చూడాల్సింది నేను.

మర్నాడు కనుమ. కాకినాడ తీసుకెళ్దాం అన్నాను. మా అత్తగారు "కనుమ నాడు కాకి కూడా కదలదు, రేపు పోవచ్చులే" అన్నారు. ఇంటి నిండా జనం, పొయ్యి మీద గారెల మూకుడు. నేనూ సరే అనుకున్నాను. ముక్కనుమ పొద్దున లేచి చూస్తే వాడు తల ఎత్తలేదు. చిగుళ్ళు తెల్లగా పాలిపోయాయి. ఒళ్ళో పెట్టుకుని ఆటోలో తీసుకెళ్ళాను. క్లోమం వాచిందన్నారు, ఇంత కొవ్వు ఒకేసారి తినడం వల్ల అని. ఉల్లి, వెల్లుల్లి కుక్క రక్తంలో ఎర్రకణాలని చంపేస్తాయని కూడా అప్పుడే తెలిసింది. ఎన్నాళ్ళ నుంచి కక్కుతున్నాడని డాక్టరు అడిగారు. మూడో రోజు అన్నాను. ఆయన నా వంక ఒకసారి చూసి, ఇంకేం అనకుండా సూది గుచ్చడానికి వాడి కాలి బొచ్చు గొరిగారు. అయిదు రోజులు సెలైన్ ఎక్కించారు.

బతికాడు. ఇంకో ఏడాదిన్నర ఉన్నాడు. కానీ ఆ తర్వాత వాడి కడుపు మునుపటిలా లేదు. నేను నీకు చెప్పేదంతా ఆ ఏడాదిన్నరలో నేర్చుకున్నదే.

విరేచనాలు పట్టుకున్న రోజుల్లో కోడి రొమ్ము ముక్క తీసుకో. చర్మం, ఎముక లేకుండా, ఉప్పు కారం నూనె ఏమీ వెయ్యకుండా ఉడికించి, చేత్తో పీచులు పీచులుగా విడదియ్యి. అన్నం మెత్తగా, వేలితో నొక్కితే చిదిమిపోయేలా వండు. రెండు వంతుల అన్నానికి ఒక వంతు కోడి. ఉడికించిన ఎర్ర గుమ్మడి ఒక చెంచా కలిపితే విరేచనం గట్టిపడుతుంది. రోజుకి నాలుగుసార్లు, కొంచెం కొంచెం. బాగుంది కదా అని నెలల తరబడి అదే పెట్టకు, దాంట్లో కాల్షియం లాంటివి సరిపోవు. మూడు నాలుగు రోజులు చాలు, మెల్లగా మళ్ళీ మామూలు తిండికి తీసుకురా. ఎప్పుడూ ఇంటి వంటే పెట్టాలనుకుంటే డాక్టరుతో మాట్లాడి, ఏం కలపాలో రాయించుకో. పాలు పొయ్యకు, ఎదిగిన కుక్కలకి చాలావాటికి పాలు అరగవు. నెయ్యి అసలే వద్దు. మన తలనొప్పి మాత్రలు, ఒళ్ళునొప్పుల మాత్రలు ఒక్క ముక్క కూడా వెయ్యొద్దు, కుక్కకి అవి విషం.

లాబ్రడార్ కదా, ఎంత పెట్టినా ఇంకా కావాలనే చూస్తుంది. ఆ కళ్ళు చూసి కరిగిపోకు. నువ్వు కరగకపోయినా పక్కవాళ్ళు కరుగుతారు, నాకు ఆ భయమే ఎక్కువ. వాచ్‌మన్ బిస్కెట్లు పెడతాడు, పనమ్మాయి రాత్రి మిగిలిన కూరన్నం పెడుతుంది, పిల్లలు చాక్లెట్ పెడతారు. అందరివీ మంచి మనసులే. నా మనసు కూడా మంచిదే ఆ రోజు. అందుకే మొదటి రోజే అందరికీ చెప్పు, నొచ్చుకున్నా సరే. పండగలప్పుడు మరీ జాగ్రత్త. పరమాన్నంలో వేసే కిస్‌మిస్ కుక్క కిడ్నీలని పాడుచేస్తుంది, ద్రాక్షపళ్ళు కూడా అంతే. ప్రసాదం అని ఎవరైనా చెయ్యి చాపితే నువ్వు తినెయ్యి. ఉడికిన ఎముకలు చీలి పేగుల్లో గుచ్చుకుంటాయి, అవి చెత్తబుట్టలో కూడా దానికి అందకూడదు.

రెండోసారి కక్కితే ఆ పూటే డాక్టరు దగ్గరికి వెళ్ళు. విరేచనంలో రక్తం పడినా, తారులాగా నల్లగా వచ్చినా, ఒక రోజంతా ఏమీ ముట్టకపోయినా అంతే. పొట్ట డప్పులా బిగిసి, కక్కబోతున్నా ఏమీ రాకపోతే అర్ధరాత్రయినా ఆగకు. పెద్ద జాతి కుక్కలకి ఒక్కోసారి కడుపు మెలిపడుతుంది, గంటల్లో ప్రాణం పోతుంది. రాత్రంతా తెరిచి ఉండే ఆసుపత్రి ఎక్కడుందో ఇవాళే కనుక్కుని, నంబరు గోడ మీద రాసుకో. ఆఫీసు ఉంది, మీటింగ్ ఉంది, పొద్దున చూద్దాం అని నాకు చెప్పకు. తిడతాను.

కోప్పడుతున్నాను అనుకోకు నాన్నా. ముసలి ప్రాణాన్ని ఇంటికి తెచ్చుకునేవాళ్ళు ఎంతమంది ఉంటారు?

రాజుగాడి స్టీలు గిన్నె అటక మీద దొరికింది. చింతపండు పెట్టి తోమాను. అంచు ఒక పక్క నొక్కుకుపోయింది గానీ గట్టిదే. మీ అమ్మతో పంపిస్తున్నాను. బ్రౌనీ వచ్చిన రోజు ఫోటో పంపు. విరేచనం ఎలా ఉందో కూడా రాయి, మొహమాటపడకు. సంక్రాంతికి వచ్చేటప్పుడు దాన్ని కూడా తీసుకురా. దాని అన్నం వేరే పొయ్యి మీద నేనే వండుతాను. వడ్డనలు అయ్యేదాకా పెరటి గడప మీద దాని పక్కనే కూర్చుంటాను.

ఇట్లు,
మీ అత్తయ్య